గుండ్లపోచంపల్లి దారిన బరువులు: దక్కనులో పాత కార్ల పెద్ద భాగాల రవాణా చరిత్ర

హైదరాబాద్‌కు ఉత్తరాన, బొల్లారం దాటిన తరువాత, మేడ్చల్‌కు ముందుగా వచ్చే గుండ్లపోచంపల్లి ఒకప్పుడు మీటర్ గేజి రైలుమార్గం మీద ఒక చిన్న స్టేషను. నేడు నాగపూర్ వైపు సాగే జాతీయ రహదారికి, కండ్లకోయ వద్ద అవుటర్ రింగ్ రోడ్డు కూడలికి చేరువగా, గోదాములూ వస్త్ర పరిశ్రమల పార్కూ పెరిగిన పట్టణ ప్రాంతం. రైలు, లారీ, కంటైనరు అనే మూడు రవాణా యుగాలు ఒకే ఊరి పొలిమేరలో ఒకదాని పక్కన ఒకటిగా కనిపించే ఇలాంటి చోటు, బరువైన వస్తువులు దూరప్రయాణం చేసిన తీరును పరిశీలించడానికి ఎంతో అనువైనది. ఆ వస్తువులలో పాత మోటారు కార్ల పెద్ద భాగాలకు, అంటే ఇంజిన్ బ్లాకు, ఛాసిస్, రేడియేటరు, ఇరుసు, బాడీ వంటి వాటికి, ఒక ప్రత్యేకత ఉంది: అవి బస్తాల్లా పంచి మోయడానికి వీలుకానివి, విరిగితే మళ్లీ దొరకనివి. వాటి రవాణా చరిత్రను దగ్గరగా చూసినప్పుడు తేలే విషయం ఏమిటంటే, మైళ్ల దూరం వల్ల కలిగిన నష్టం కంటే, సరకు ఒక బండి నుంచి మరో బండికి, ఒక చేతి నుంచి మరో చేతికి మారిన చోట్ల కలిగిన నష్టమే ఎక్కువ. ఓడ నుంచి బండికి, బండి నుంచి వ్యాగనుకు, వ్యాగను నుంచి లారీకి జరిగే ఈ మార్పులను ఎలా తగ్గించారు, తగ్గించలేని చోట ఎలా కాచుకున్నారు అన్నదే ఈ చరిత్రకు అసలు కథ.

రైలు రాకముందు దక్కను పీఠభూమి మీద సరకు రవాణాకు ఆధారం బంజారాల ఎద్దుల బిడారులు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే, ధాన్యమూ ఉప్పూ మోసుకుంటూ పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా సాగిపోయేవని రాశాడు. అయితే పెరికెద్దు వీపున ఇరువైపులా సమానంగా వేలాడదీయగలిగిన బరువే ఆ బిడారులో ప్రయాణించగలదు. ధాన్యం, ఉప్పు, పత్తి వంటివి ఎన్ని వేల మణుగులైనా చిన్న చిన్న పెరికెలుగా విడిపోతాయి కనుక వాటికి ఇబ్బంది లేదు. విడదీయడానికి వీలులేని ఒంటి బరువు, అంటే ఫిరంగి గొట్టమో ఆలయ స్తంభమో అయినప్పుడు, ప్రత్యేకంగా కట్టిన బండ్లూ, జతలు జతలుగా ఎద్దులూ, ముందుగా చదునుచేసిన దారీ కావలసి వచ్చేవి. ఈ తేడాను ముందుగా గుర్తించాలి, ఎందుకంటే మోటారు కారు దక్కనుకు వచ్చినప్పుడు అది ఈ రెండో కోవకు చెందిన సరకుగానే వచ్చింది.

బొంబాయి నుంచి మద్రాసుకు వెళ్లే ప్రధాన మార్గం మీది వాడి నుంచి సికింద్రాబాద్ వరకు సుమారు 120 మైళ్ల బ్రాడ్ గేజి రైలుమార్గం 1874లో తెరుచుకోవడంతో, నిజాం రాజ్యానికి సముద్రంతో నేరుగా సంబంధం ఏర్పడింది. తరువాత నిజాం హామీ రైల్వే కంపెనీ ఈ మార్గాన్ని 1889 నాటికి బెజవాడ దాకా పొడిగించింది. ఉత్తరం వైపున, హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో, సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్‌ల మీదుగా మన్మాడ్ వరకు దాదాపు 390 మైళ్ల మార్గం 1899–1901 మధ్య దశలవారీగా పూర్తయింది. గుండ్లపోచంపల్లి ఈ మార్గం మీదిదే. కానీ ఇది మీటర్ గేజి, అంటే పట్టాల మధ్య ఎడం ఒక మీటరు మాత్రమే ఉన్న మార్గం కాగా, వాడి మార్గంలో ఆ ఎడం 1676 మిల్లీమీటర్లు. రెండు గేజిలు కలిసే చోట ఒక వ్యాగను మరో పట్టాల మీదికి ఎక్కలేదు కనుక, మన్మాడ్‌లోనూ సికింద్రాబాద్‌లోనూ సరకునంతా హమాలీలు దించి, పక్కనున్న వ్యాగనులోకి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. బస్తాల విషయంలో ఇది ఆలస్యమూ కూలి ఖర్చూ మాత్రమే. కానీ ఒంటి బరువుగా ఉన్న యంత్రభాగం విషయంలో ప్రయాణమంతటిలోకీ అత్యంత ప్రమాదకరమైన గంట అదే. బొంబాయి నుంచి మన్మాడ్ మీదుగా సికింద్రాబాద్ చేరుకునే దారి పటంలో కనిపించినా, బరువైన పెట్టెలకు పుణె, షోలాపూర్, వాడిల మీదుగా వచ్చే బ్రాడ్ గేజి దారే క్షేమకరమైనది కావడానికి కారణం ఇదే. సికింద్రాబాద్‌కు ఉత్తరాన ఉన్న ఊళ్లకు మాత్రం ఆ సౌకర్యం లేదు; 1937లో బోధన్‌లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం వంటి వాటికి కావలసిన భారీ యంత్రాలకు మీటర్ గేజి పట్టాలే దిక్కు.

మోటారు కారు ఈ రైలు వ్యవస్థలోకి అడుగుపెట్టిన నాటికి, కారు అనేది నిజానికి రెండు వేర్వేరు వృత్తుల వారు చేసిన రెండు వస్తువుల కలయిక. ఇంజినూ, గేర్‌బాక్సూ, ఇరుసులూ, చక్రాలూ అమర్చిన ఉక్కు చట్రాన్ని, అంటే ఛాసిస్‌ను, ఒక కర్మాగారం తయారుచేస్తే, దాని మీద కూర్చునే బాడీని గుర్రపు బగ్గీలు చేసే సంప్రదాయం నుంచి వచ్చిన మరో సంస్థ కట్టేది. రోల్స్ రాయిస్ సంస్థ డెర్బీలో తయారుచేసిన 40/50 అశ్వశక్తి ఛాసిస్, అంటే సిల్వర్ ఘోస్ట్‌గా పేరుపొందినది, ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. హైదరాబాద్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇలాంటి ఛాసిస్ మీద, సింహాసనాన్ని తలపించే ఎత్తైన వెనుక సీటుతో, పసుపు రంగు బాడీని లండన్‌లోని బార్కర్ సంస్థ చేత కట్టించుకోవడానికి ఆర్డరిచ్చాడు. కారు చేతికందకముందే, 1911 ఆగస్టు 29న, ఆయన మరణించడంతో అది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాద్ చేరింది. ఆ రాజకుటుంబపు వాహనాలు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులకు కనిపిస్తాయి. వాటి సౌందర్యం గురించి చాలామంది రాశారు. అవి చెక్కుచెదరకుండా ఇక్కడికి ఎలా చేరాయన్న సంగతి మీద శ్రద్ధ పెట్టినవారు తక్కువ.

ఆ ప్రయాణాన్ని అర్థం చేసుకోవడానికి ముందు ఓడ కంపెనీలు కిరాయి కట్టే పద్ధతిని తెలుసుకోవాలి. సముద్ర రవాణాలో కిరాయి బరువు మీద గానీ, పరిమాణం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద వసూలు చేసేవారు; 40 ఘనపుటడుగుల చోటును ఒక టన్నుగా లెక్కించడం బ్రిటిష్ ఓడల ఆచారం. కారు వంటి వస్తువులో బరువు కంటే ఖాళీ చోటే ఎక్కువ కనుక, పెట్టె ఎంత పెద్దదైతే కిరాయి అంత పెరిగేది. అందువల్ల చక్రాలు విప్పడం, విండ్‌స్క్రీన్ తీసి విడిగా పెట్టడం, మడ్‌గార్డులూ దీపాలూ వేరుచేసి ఛాసిస్ కింది ఖాళీలో సర్దడం పరిపాటి అయ్యాయి. కిరాయి తగ్గించాలంటే భాగాలు ఒకదానికొకటి దగ్గరగా రావాలి. దెబ్బ తగలకూడదంటే ఒకదానికొకటి దూరంగా ఉండాలి. ప్యాకింగు చేసే వడ్రంగి పనితనమంతా ఈ రెండు అవసరాల మధ్య రాజీ కుదర్చడంలోనే ఉండేది.

లండన్ రేవు నుంచి బయలుదేరిన పెట్టె 1869లో తెరుచుకున్న సూయజ్ కాలువ మీదుగా ఎర్రసముద్రంలోకి వచ్చేసరికి ఒక కొత్త శత్రువు ఎదురయ్యేది. చలిదేశంలో ఎక్కిన ఇనుము చల్లగానే ఉండగా, చుట్టూ గాలి వేడిగా, తేమగా మారడం వల్ల లోహం మీద నీటి బిందువులు పట్టేవి. ఓడల పరిభాషలో దీనినే సరకు చెమర్చడం అంటారు. కెరటం ఒక్కసారి కూడా తాకకపోయినా తుప్పు పట్టడానికి ఇది చాలు. దీనికి విరుగుడుగా మెరుగుపెట్టిన ఉక్కు భాగాలకు పశువుల కొవ్వులో సీసపు తెల్లరంగు పొడి కలిపిన లేపనం పూయడం, పెట్టె లోపల జింకు రేకు గానీ తగరపు పూత రేకు గానీ పరిచి అతుకులను టంకంతో మూసివేయడం పాత యంత్ర వ్యాపారులకు బాగా తెలిసిన పద్ధతి. అయితే లోపల పెట్టిన గడ్డి తడిగా ఉంటే, మూసిన రేకుల మధ్య ఆ తడి బయటకు పోయే దారి లేక అదే తుప్పుకు కారణమయ్యేది; కనుక రేకు పెట్టె ఎంత మంచిదో, లోపల నింపే సామగ్రి ఎండినదిగా ఉండడం అంతకంటే ముఖ్యం.

బొంబాయిలో 1880లో తెరుచుకున్న ప్రిన్సెస్ డాక్ వంటి రేవులలో ఓడ నుంచి సరకు దించడానికి క్రేన్లు ఉన్నా, రేవునూ ప్రధాన రైలుమార్గాలనూ కలిపే పోర్ట్ ట్రస్ట్ రైల్వే 1915 దాకా రాలేదు. అంతకుముందు చేరిన పెట్టెలు రేవు నుంచి గూడ్సు స్టేషనుకు ఎద్దుల బండ్ల మీద పోవలసినవే. అక్కడి నుంచి పుణె వైపు వెళ్లే రైలు భోర్ ఘాట్ ఎక్కాలి. 1863లో పూర్తయిన ఆ ఘాట్ మార్గం 37 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగుతూ, మధ్యలో ఒకచోట రైలు ఆగి ఇంజిను అటునుంచి ఇటు మార్చుకుని వెనక్కు తిరిగి ఎక్కవలసిన విధంగా ఉండేది. ఆ ఏర్పాటు 1929 దాకా కొనసాగింది. ఇంజిను తగిలించినప్పుడల్లా వ్యాగన్ల వరుసంతా ఒక కుదుపుకు లోనవుతుంది. ఆ కుదుపు ఎప్పుడూ రైలు సాగే దిశలోనే, ముందుకో వెనక్కో వస్తుంది కనుక, అనుభవమున్న ప్యాకర్లు పెట్టెలో ఇంజినుకు ముందూ వెనుకా అడ్డుచెక్కలను పక్కల కంటే బలంగా కొట్టేవారు. పూర్తిగా కూర్చిన కార్ల కోసం రైల్వేలు బగ్గీలను మోయడానికి వాడే ప్రత్యేక ట్రక్కులనే ఉపయోగించేవి. వీటిని ప్యాసింజర్ రైలుకు తగిలించి, ప్లాట్‌ఫారం చివర ఏటవాలు దిమ్మ మీదుగా కారును నేరుగా లోపలికి నెట్టేవారు. బ్రిటిష్ కంటోన్మెంటూ రెసిడెంటు వేసవి నివాసమూ ఉన్న సికింద్రాబాద్–బొల్లారం ప్రాంతం అప్పటికే గుర్రాలకూ బగ్గీలకూ అలవాటుపడినది కనుక, ఆ పద్ధతి ఇక్కడివారికి కొత్తకాదు.

కారు వచ్చాక కథ ముగియలేదు. అది నడిచినన్నాళ్లూ దానికి భాగాలు కావలసి వచ్చేవి. పూర్తి కారు రవాణా కంటే విడి భాగాల రవాణాయే కష్టమన్న సంగతిని ఇక్కడ కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఒక్కొక్క భాగం ఒక్కొక్క రీతిలో దెబ్బతింటుంది, ఒకదానికి మేలు చేసే ప్యాకింగు మరొకదానికి హాని చేస్తుంది.

సిల్వర్ ఘోస్ట్ ఇంజినునే తీసుకుంటే, అందులో ఆరు సిలిండర్లను మూడేసి చొప్పున రెండు పోత ఇనుప దిమ్మలుగా పోసి, వాటిని అల్యూమినియం పెట్టె మీద నిలబెట్టారు. తిరిగే ఇరుసు ఉండే ఆ పెట్టెను క్రాంక్‌కేసు అంటారు. పోత ఇనుము ఎంత బరువునైనా మోయగలదు గానీ వంగదు, దెబ్బ తగిలితే పగులుతుంది. అల్యూమినియం తేలికైనది గానీ దాని చెవులు, అంటే బోల్టులు పట్టే అంచులు, తేలిగ్గా విరుగుతాయి. కాబట్టి ఇంజినును అడుగున ఉన్న నూనె తొట్టి మీద కూర్చోబెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. కారులో అది ఏ చెవుల మీద నిలబడి ఉండేదో, పెట్టెలోనూ ఆ చెవుల కిందనే దుంగలు పెట్టి బోల్టులతో బిగించాలి. తాడు వేసి ఎత్తేటప్పుడు ఆ తాడు కార్బ్యురేటరు గొట్టాలకూ ఇగ్నిషన్ సామగ్రికీ తగలకుండా అడ్డుకొయ్య కట్టాలి. నీళ్ల మార్గాలలో మిగిలిన కొద్దిపాటి నీరు చలిదేశపు రేవులో గడ్డకట్టి వ్యాకోచించినా దిమ్మ పగిలిపోతుంది కనుక, నీటినంతా తీసి, తెరిచి ఉన్న ప్రతి రంధ్రానికీ కొయ్య బిరడా కొట్టేవారు. సిలిండరు లోపలి గోడలకు నూనె పూయకుండా పంపిన ఇంజిను పైకి ఎంత శుభ్రంగా కనిపించినా, చేరేసరికి పిస్టన్లు పట్టేసి ఉండవచ్చు.

రేడియేటరు ఇందుకు భిన్నమైన సమస్య. పలుచని ఇత్తడి, రాగి గొట్టాల సమూహానికి ముందు నుంచి ఒక బొటనవేలు ఒత్తిడి చాలు నొక్కుకుపోవడానికి. దానిని పడుకోబెట్టి పైన మరేదైనా పెడితే టంకపు అతుకులు విచ్చుకుంటాయి. అందుకని దానిని ఎప్పుడూ నిలబెట్టి, దాని బరువును కింది పట్టీ మీదనే నిలిపి, గూడు భాగానికి ఏదీ తగలకుండా రెండు వైపులా ఖాళీ వదిలి, పక్కన పలకలతో పెట్టె కట్టాలి. పెద్ద దీపాల అద్దాలకూ ఇదే సూత్రం. మడ్‌గార్డులు, బానెట్ల వంటి రేకు భాగాలు దెబ్బల కంటే రాపిడికి ఎక్కువ నష్టపోతాయి. రెండు వేల కిలోమీటర్ల లారీ ప్రయాణంలో గుడ్డ ముక్క కూడా ఇసుకరేణువులు పట్టి ఉప్పుకాగితంలా పనిచేసి రంగును తినేస్తుంది కనుక, వాటిని మూటకట్టడం కంటే అంచుల దగ్గర రంధ్రాల ద్వారా చెక్క చట్రానికి బిగించి, ఉపరితలానికి ఏదీ ఆనకుండా వేలాడదీయడమే మేలు.

కొయ్య భాగాల సంగతి దక్కనులో ఇంకా చిక్కైనది. ఆ కాలపు బాడీలలో చాలావరకు యాష్ అనే చెట్టు కలపతో కట్టిన అస్థిపంజరం మీద రేకు కప్పినవి. తేమగల సముద్రం నుంచి మే నెలలో ఎండిపోయిన మేడ్చల్ గాలిలోకి వచ్చిన కలప కుంచించుకుపోయి కీళ్లు వదులవుతాయి, కొయ్య ఆకుల చక్రాలు కిర్రుమంటాయి. చెదలు మరో ప్రమాదం. అందుకే గోదాములో ఇలాంటి బాడీని నేలమీద నేరుగా పెట్టక, దుంగల మీద ఎత్తి, గాలి ఆడేలా ఉంచడం అవసరం. ఇక ఛాసిస్‌కు అమర్చిన కమాను కట్టల విషయంలో నిపుణుల మధ్య భిన్నాభిప్రాయం ఉండేది: పెట్టెలో ఛాసిస్‌ను కదలకుండా దుంగల మీద నిలిపితే ఊగడం ఆగుతుంది గానీ ఇరుసులు వేలాడతాయి, లారీ మీద చక్రాలతో నిలబెట్టినప్పుడు ఛాసిస్‌ను కిందికి గట్టిగా లాగి కడితే ప్రతి గుంతలోనూ తాడు వదులై మళ్లీ బిగుసుకుంటుంది. రెండో సందర్భంలో కట్టును ఛాసిస్‌కు కాక ఇరుసుకు వేసి, కమాన్లను తమ పని తాము చేయనివ్వడమే సరైనదని అనుభవం నిరూపించింది.

1928లో బొంబాయి సేవ్రీలో జనరల్ మోటార్స్ అసెంబ్లీ కర్మాగారం మొదలవడంతో రవాణా రూపమే మారింది. పూర్తిగా విడదీసిన భాగాలను పెట్టెలలో తెచ్చి, గమ్యానికి దగ్గరలో కూర్చే ఈ పద్ధతిలో, కూర్చేవారికి ఏ పెట్టెలో ఏముందో ముందే తెలిసిన జాబితా ఉండేది, ప్రతి పెట్టె ఆ భాగానికే కొలిచి చేసినది. నిజాం రాజ్యంలో ఇదే కాలంలో ప్రభుత్వ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. వాటిలో గ్లాస్గో నగరపు ఆల్బియాన్ సంస్థ బస్సులు ప్రసిద్ధమైనవి. రైలు నడిపే సంస్థే బస్సు కూడా నడపడం వల్ల, విదేశం నుంచి వచ్చిన ఛాసిస్ గానీ ఇంజిను గానీ వాడి నుంచి వర్క్‌షాపు దాకా ఒకే యాజమాన్యపు బాధ్యతలోకి వచ్చే అవకాశం ఏర్పడింది. 1893 నుంచి లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు పనిచేస్తూ ఉండడంతో, క్రేన్లూ, బరువులెత్తడం తెలిసిన కార్మికులూ సికింద్రాబాద్‌కు అప్పటికే ఉన్నారు. 1942లో నెలకొల్పిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సు బాడీలను ఇక్కడే కట్టడం మొదలుపెట్టాక, అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించేదీ, తేలిగ్గా దెబ్బతినేదీ అయిన బాడీని దూరం నుంచి తెచ్చే అవసరమే తగ్గిపోయింది. నలభై ఏళ్ల తరువాత అదే ఆల్విన్ జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో తేలికరకం లారీలు తయారుచేసింది. ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల చిన్న లారీని ఏ కంపెనీదైనా డీసీఎం అనే పిలుస్తారు. ఆ పేరు కూడా అదే 1980ల నాటి మరో జపాన్ భాగస్వామ్య సంస్థ నుంచి నిలిచిపోయినదే.

నష్టం జరిగితే ఎవరు భరించాలన్న ప్రశ్న కూడా ఈ చరిత్రలో భాగమే. భారత రైల్వేలు చాలాకాలం పాటు రెండు రకాల ధరలు వసూలు చేశాయి: తక్కువ ధర చెల్లిస్తే సరకు యజమాని పూచీ మీద పోతుంది, ఎక్కువ చెల్లిస్తే రైల్వే పూచీ మీద పోతుంది. రోడ్డు రవాణాదారుల బాధ్యతను 1865 నాటి చట్టం నిర్ణయించగా, దాని స్థానంలో 2007 నాటి రోడ్డు రవాణా చట్టం వచ్చింది. ఓడ సరకు బీమాలో అన్ని ప్రమాదాలకూ వర్తించే విస్తృతమైన పాలసీ తీసుకున్నా, ప్యాకింగు చాలనందువల్ల జరిగిన నష్టాన్ని అది భరించదు. ఈ మినహాయింపు బీమా షరతులలో స్పష్టంగా రాసి ఉంటుంది. పాత కారు భాగం విషయంలో ఇది చాలా కఠినమైన షరతు, ఎందుకంటే పగిలిన ఇంజిన్ బ్లాకును చూసి అది క్రేను జారడం వల్ల పగిలిందా, కింద దుంగ సరిగా లేకపోవడం వల్ల పగిలిందా అని తేల్చడం దాదాపు అసాధ్యం. పెట్టె మూసేముందు ప్రతి వైపు నుంచి తీసిన ఫోటోలూ, బరువూ, గురుత్వ కేంద్రం గుర్తూ, చేరిన వెంటనే రవాణా రశీదు మీద రాసిన అభ్యంతరమూ లేకపోతే పరిహారం అడగడానికి ఆధారమే ఉండదు.

1956లో అమెరికాలో మొదలైన కంటైనరు పద్ధతి చేతులు మారే చోట్లను తగ్గించిన మార్పులన్నిటిలోకీ పెద్దది. ఒక ఉక్కు పెట్టెలో ఒకసారి ఎక్కించి, కట్టి, ముద్రవేసిన సరకును ఓడ, రైలు, లారీ ఏది మోసినా లోపలి వస్తువును ఎవరూ ముట్టుకోరు. ముంబై సమీపంలోని జవాహర్‌లాల్ నెహ్రూ రేవు 1989లో ప్రారంభమైంది; హైదరాబాద్‌లో సనత్‌నగర్‌లోని కంటైనర్ డిపోలో కస్టమ్స్ తనిఖీ జరుగుతుంది కనుక, సముద్రం లేని నగరం దాకా పెట్టె తెరవకుండానే రాగలదు. ఇరవై అడుగుల కంటైనరు తలుపు వెడల్పు సుమారు 2.34 మీటర్లు, ఎత్తు సుమారు 2.28 మీటర్లు కనుక పాత కారు ఛాసిస్ ఇంచుమించుగా ఏదైనా అందులో పడుతుంది. కానీ చెమర్చే సమస్య ఇక్కడ పోకపోగా పెరిగింది: పగలు ఎండకు కాగి రాత్రి చల్లబడే ఉక్కు పైకప్పు లోపలి వైపు నీరు చేరి కింద ఉన్న సరకు మీద బొట్లుబొట్లుగా పడుతుంది. తేమను పీల్చే పొడి సంచులు, తుప్పును ఆపే ఆవిరిని వదిలే ప్రత్యేక కాగితం నేడు పాత కొవ్వు లేపనం స్థానంలోకి వచ్చాయి. పెట్టెకు వాడే కలప మధ్యభాగం కూడా 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడెక్కేలా చేయడం వంటి శుద్ధిని, పురుగులు దేశాలు దాటకుండా 2002లో వచ్చిన అంతర్జాతీయ నిబంధన కోరుతుంది. అలా శుద్ధి చేసినట్టు తెలిపే ముద్ర లేని పెట్టె, లోపలి వస్తువు ఎంత విలువైనదైనా రేవులో ఆగిపోతుంది.

దక్కను నుంచి బయటికి పోయే దారి మాత్రం చట్టం వల్ల ఇరుకైంది. 1948 తరువాత సంస్థానాలు పోయి, 1971లో రాజభరణాలు రద్దయ్యాక, రాజకుటుంబాల కార్లు చేతులు మారి, వాటిలో కొన్ని దేశం దాటిపోయాయి. ఆపై విధించిన ఆంక్షల ఫలితంగా 1950 జనవరి 1కి ముందు తయారైన కార్లనూ, వాటి భాగాలనూ అనుమతి లేకుండా ఎగుమతి చేయడానికి వీలులేదు. విడి భాగం కూడా ఈ నిబంధన కిందికి రావడం గమనించదగింది. పూర్తి కారును పంపలేనివారు దానిని ముక్కలుగా పంపించే దారిని ఇది మూసివేసింది. దేశం లోపల మాత్రం 2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను గుర్తును ప్రవేశపెట్టడంతో, పాత కార్లను పునరుద్ధరించేవారికి ఒక ఆధారం దొరికింది. వారికి కావలసిన భాగాలలో చాలావరకు దేశంలోని ఒక నగరం నుంచి మరో నగరానికి రోడ్డు మీదనే వస్తాయి.

ఈ రోడ్డు ప్రయాణాలలో గుండ్లపోచంపల్లి పరిసరాల స్థానం మళ్లీ కీలకమైంది. పాత గోదావరి వ్యాలీ మార్గంలోని సికింద్రాబాద్–ముద్ఖేడ్ భాగం 1990ల చివరా 2000ల తొలి ఏళ్లలోనూ బ్రాడ్ గేజిగా మారడంతో సికింద్రాబాద్‌లో ఉండిన గేజి మార్పు మాయమైంది; 2018 మే నెలలో కండ్లకోయ ముక్క తెరుచుకోవడంతో 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు పూర్తయి, నాగపూర్ వైపు నుంచి వచ్చే భారీ లారీ నగరంలోకి రాకుండానే బెంగళూరు, విజయవాడ, ముంబై దారులు పట్టగలుగుతోంది. అయినా పాత సమస్య పూర్తిగా పోలేదు. ఒక ఇంజినో ఇరుసో లారీ మొత్తాన్ని నింపదు కనుక, దానిని ఇతరుల సరకుతో కలిపి పంపితే, రవాణా కంపెనీ గోదాములలో రెండు మూడు చోట్ల దించి ఎక్కిస్తారు; చివరి పది కిలోమీటర్లు డీసీఎం మీద వస్తుంది; ఆ ఒక్కొక్క చోటా ఫోర్క్‌లిఫ్టు దొరకనప్పుడు గడ్డపారలే పని చేస్తాయి. ఎక్కువ కిరాయి చెల్లించి ఒకే లారీని మొదటి నుంచి చివరి దాకా కుదుర్చుకోవడం, పెట్టె అడుగున ఫోర్క్‌లిఫ్టు చేతులు దూరేటంత ఖాళీ వదలడం, మేకులకు బదులు స్క్రూలు వాడి దారిలో ఎవరైనా తనిఖీ కోసం తెరిచినా మళ్లీ అలాగే మూయగలిగేలా చేయడం, ఈ మూడింటికి అయ్యే ఖర్చు ఒక పోత ఇనుప దిమ్మను మళ్లీ అతికించడానికి అయ్యే ఖర్చులో చిన్న వంతు మాత్రమే.

ఈ రవాణా చరిత్రకు మూలాధారాలైన పాత రైల్వే రశీదులు, ప్యాకింగు జాబితాలు, రేవు పేరూ పెట్టె సంఖ్యా ముద్రించిన చెక్క పలకలు ఇప్పటికీ హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోని పాత ఇళ్లలో, గ్యారేజీలలో, వర్క్‌షాపుల అటకల మీద కాగితాల కట్టలుగా ఉండవచ్చు. కారు విలువ తెలిసినవారు కూడా వాటిని చెత్తగా భావించి పారవేస్తున్నారు. అలాంటివి ఎవరి వద్ద ఉన్నా, వాటిని పాత కాగితాల వ్యాపారికి ఇవ్వడానికి ముందు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ సంస్థకు ఒకసారి చూపించవలసిందిగా మనవి.